తూర్పు తీరానికి తగిన రంగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సముద్రపు ఒడ్డును, అక్కడి పాత ఇళ్లను నీటిరంగుల్లో చిత్రించడం గురించే ఉన్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ సముద్రతీర చిత్రాలను చూసి నకలు చేస్తూ నీటిరంగులు నేర్చుకున్నాను. రాతి గోడల కుటీరం, కొండ అంచు, నీళ్లలోకి దిగే సూర్యుడు, ఇవన్నీ బాగానే కుదురుతున్నాయి. కాని తుమ్మలపెంటకు వెళ్లి సముద్రానికి ఎదురుగా కూర్చుని వేస్తే నీలం రంగు పూసిన గోడలాగా వస్తోంది. లోపం ఎక్కడుంది?
(కావలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు జత చేసిన నకళ్లలో గీత విషయంలోగాని, రంగు కలపడంలోగాని చెప్పుకోదగ్గ లోపం కనబడలేదు. లోపమల్లా వెలుగు వచ్చే దిక్కును కూడా నకలు చేయడంలో ఉంది. మీరు ఎంచుకున్న చిత్రాలు ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వంటి తీరాలవి. అక్కడ కొండచరియలున్నాయి, గ్రానైటు గోడల మీద పలకరాయి కప్పిన కుటీరాలున్నాయి, పడమటి వైపు తిరిగిన ఒడ్డున పొద్దు నీళ్లలోకే గుంకుతుంది. మన తీరానిది తూర్పు ముఖం. మైపాడులోనైనా, కోడూరులోనైనా, కొత్తపట్నంలోనైనా పొద్దు సముద్రంలోంచి పొడిచి, మన వెనకనున్న సరుగుడు తోటల్లోకి, తాటితోపుల్లోకి దిగుతుంది. సముద్రంలో సూర్యాస్తమయం వేసి దాని కింద మైపాడు అని రాసిన చిత్రాలు మాకు తరచుగా వస్తుంటాయి. వేసినవారు అక్కడ ఒక్క సాయంత్రమైనా నిలబడి చూడలేదని వాటిని చూడగానే తెలిసిపోతుంది.

ఈ దిక్కు తేడా వల్ల రంగుల లెక్క అంతా మారుతుంది. ఉదయం ఏడెనిమిది గంటల వేళ సూర్యుడు మీకు ఎదురుగా ఉంటాడు కనుక సముద్రంలో నీలం దాదాపు కనిపించదు. నీటి మీద మిరుమిట్లు గొలిపే వెలుగు బాట ఒకటి, దానికి రెండు పక్కలా బూడిదరంగు నీరు, ఆ నీటి మీద ముదురు నీడల్లాగా పడవలు, ఇంతే ఉంటుంది. ఆ పడవలను నల్లరంగుతో నింపకండి. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం)లో బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపితే వచ్చే ముదురు బూడిదరంగు వాటికి సరిపోతుంది, పైగా వెలుగుకు దగ్గరగా ఉన్న అంచుల దగ్గర దానిని కొద్దిగా వెచ్చబరచుకోవచ్చు, అంటే ఎరుపు ఛాయ వైపుకు తిప్పుకోవచ్చు. వెలుగు బాటను మాత్రం గరుకు కాగితం మీద దాదాపు పొడిగా ఉన్న కుంచెను పక్కవాటుగా లాగి, కాగితపు తెలుపు మిగిలేటట్లు సాధించాలి. ఉదయం పది దాటిన తర్వాత మధ్యాహ్నం మూడు వరకు వెలుగు చప్పగా ఉంటుంది. మీ చిత్రం గోడలాగా రావడానికి మీరు ఆ వేళలో కూర్చోవడం కూడా ఒక కారణమై ఉండవచ్చు.

నాలుగు గంటల తర్వాత పొద్దు మీ వీపు వైపుకు వస్తుంది. సముద్రానికి దాని అసలు రంగులు అప్పుడే కనిపిస్తాయి, అవి ఒకటి కాదు, పట్టీలు పట్టీలుగా ఉంటాయి. ఒడ్డుకు దగ్గరగా అల ఇసుకను కలియబెట్టే చోట ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పాలు ఎక్కువైన మట్టి ఆకుపచ్చ. దాని వెనక బూడిద కలిసిన ఆకుపచ్చ. ఇంకా వెనక నీలం. దిగంతరేఖను ఆనుకుని అన్నిటికన్నా ముదురు గీత. వానాకాలం చివర పెన్నకు వరద వచ్చినప్పుడు ఊటుకూరు వైపు చాలా దూరం వరకు నీరు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. దానిని నీలంగా దిద్దవలసిన అవసరం లేదు. విరగబోతున్న అల పైఅంచు పలచగా ఉంటుంది కనుక దాని గుండా వెలుగు చొరబడి లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. విరిగిన తర్వాతి నురుగులో మాత్రం ఎండ తగిలిన భాగమే తెలుపు, మిగిలినదంతా నీలపు నీడ. నురుగంతా తెల్లగా వదిలేయడం వల్లనే చాలామంది అలలు పత్తి పింజల్లాగా కనిపిస్తాయి.

మీకు సూర్యాస్తమయమే కావాలంటే వెనక్కి తిరగకుండా సముద్రం వైపే చూడండి. పొద్దు తాటితోపు వెనక్కి దిగిన కొద్ది నిమిషాలకు, ఆకాశం నిర్మలంగా ఉంటే, దిగంతరేఖను ఆనుకుని బూడిద కలిసిన నీలి పట్టీ ఒకటి లేస్తుంది, దాని మీద పలచని గులాబీ పట్టీ ఉంటుంది. ఆ నీలిపట్టీ గాలిపొరల మీద పడిన భూమి నీడ. పున్నమి నాడు చంద్రుడు ఆ రెండు పట్టీల మధ్య నుంచే పైకి వస్తాడు. పడమటి తీరపు చిత్రకారునికి సాయంత్రం వేళ సముద్రం మీద దొరకని దృశ్యమిది, మనకు ఊరికే దొరుకుతున్నది. దీనికి ముందుగా కాగితాన్ని తడిపి, గులాబీని చాలా పలచగా పరచి, అది పూర్తిగా ఆరిన తర్వాతే కింది నీలిపట్టీని వేయండి. తడిలో వేస్తే రెండూ కలిసి ఊదారంగు మరకగా మిగులుతాయి.

ప్రశ్న: మా వైపు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్న చుట్టిళ్లను, అంటే గుండ్రటి గోడల తాటాకు ఇళ్లను, వేయాలని ప్రయత్నిస్తున్నాను. ఎంత జాగ్రత్తగా గీసినా ఇల్లు ఒక పక్కకు ఒరిగినట్టో, నేలకు ఆనకుండా తేలుతున్నట్టో కనిపిస్తోంది. తాటాకు కప్పు కూడా గడ్డివాములాగా వస్తోంది.
(కొత్తపట్నం మండలం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సముద్రపు ఒడ్డున చిత్రకారునికి ఒక సదుపాయం ఉంది. లోపలి ఊళ్లలో కంటి ఎత్తు ఎక్కడుందో ఊహించి గీసుకోవాలి; ఇక్కడ నీటికీ ఆకాశానికీ మధ్యనున్న దిగంతరేఖే మీ కంటి ఎత్తు. మీరు చదునైన ఇసుక మీద నిలబడి ఉంటే, మీ అంత పొడవున్న మనిషి దగ్గరున్నా, దూరాన వల లాగుతున్నా అతని కళ్లు ఆ గీత మీదే ఉంటాయి. మీరు కూర్చుంటే గీత కూడా మీతోపాటు దిగి, నిలబడ్డవారి నడుముల దగ్గరకు వస్తుంది.

చుట్టిల్లు ఒరగడానికి కారణం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఆ ఇంటి చూరు చాలా కిందికి ఉంటుంది, లోపలికి పోవాలంటే వంగక తప్పదు. కనుక మీరు నిలబడి చూసినప్పుడు చూరు కంటి ఎత్తుకు దిగువన ఉండి, దాని ముందు అంచు కిందికి వంగిన గీతగా కనిపిస్తుంది. అదే ఇసుకలో చతికిలబడి చూస్తే చూరు కంటికి పైన ఉంటుంది, అప్పుడు అదే అంచు పైకి లేచిన వంపుగా మారుతుంది. గోడ మొదలు మాత్రం రెండు సందర్భాలలోనూ కిందికే వంగుతుంది. కంటి ఎత్తుకు ఎంత దిగువన ఉంటే వంపు అంత లోతుగా ఉంటుంది కాబట్టి చూరు వంపు కన్నా గోడ మొదలు వంపు ఎక్కువ గుండ్రంగా ఉండాలి. పెన్సిలు గీతలు నిలబడి గీసి, తర్వాత తీరికగా కూర్చుని రంగులు వేసేవారు ఈ రెండు చూపులను తమకు తెలియకుండానే ఒకే ఇంటికి అతికిస్తారు. ఏదో ఒక ఎత్తును ఎంచుకుని చివరి వరకు అక్కడే ఉండండి. ఇంకొక సాయం కూడా ఉంది: ఇంటి మధ్యన నిట్టాడు (కప్పును మోసే నడిమి స్తంభం) ఉన్నా లేకున్నా, అది ఉండవలసిన చోట నిలువుగా ఒక సన్నని గీత గీసుకుని, కప్పు కొసను, చూరు వంపు నడిమిని, గోడ మొదలు వంపు నడిమిని ఆ గీత మీదే నిలపండి. కప్పు మోయలేక కుంగిన ముసలి ఇళ్లు నిజంగానే ఒరిగి ఉంటాయి, వాటిని ఒరిగినట్టే వేయవచ్చు. కాని ఒరగడం ఇంటిదై ఉండాలి.

తేలుతున్నట్టు కనబడటానికి కారణం గోడ మొదలును కత్తితో కోసినట్టు గీయడం. ఒడ్డున ఏ గోడకూ అంత తీరైన మొదలు ఉండదు. గాలి వీచే వైపు ఇసుక మేటవేసి గోడ మీదికి ఎగబాకి ఉంటుంది, రెండో వైపు చూరు నీళ్లు పడి చిన్న గాడి ఏర్పడి ఉంటుంది. మట్టి అరుగు ఉంటే దాని అంచు అరిగి ఇసుకలో కలిసిపోతుంది. ఈ కలిసిపోవడాన్ని తడి కుంచెతో రెండు మూడు చోట్ల మెత్తబరచి, మిగిలిన చోట్ల నీడతో నేలకు కట్టేయండి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో ఏప్రిల్ చివరా మే మొదటా, మళ్లీ ఆగస్టు రెండో వారం దరిదాపుల్లోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో చూరు నీడ గోడ మీద నిలువునా పడి ఇంటి చుట్టూ ఉంగరంలాగా నిలుస్తుంది. ఎండకు ఓర్చుకోగలిగితే చుట్టిల్లు గుండ్రదనాన్ని అంత స్పష్టంగా చూపే వేళ మరొకటి లేదు.

ఇక కప్పు. తాటాకును రెల్లు గడ్డిలాగా పోచలు పోచలుగా గీసినందువల్లనే అది వామిలా తయారవుతోంది. తాటాకు విసనకర్ర మడతల్లాగా విచ్చుకున్న వెడల్పాటి ఆకు. వరుస మీద వరుసగా కప్పినప్పుడు కంటికి కనిపించేవి పోచలు కావు, వరుసల అంచు నీడలు, చూరు దగ్గర దువ్వెన పళ్లలాగా వేలాడే ఆకు కొసలు. కొత్త ఆకు లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, ఎండకూ ఉప్పుగాలికీ క్రమంగా వెండిబూడిదకు తిరుగుతుంది. ఏటేటా పాడైన చోట కొత్త ఆకు చొప్పించే అలవాటు వల్ల ఒకే కప్పు మీద మూడు నాలుగు వయసుల రంగులు ఉంటాయి, వాటిని వదులుకోవద్దు. గాలికి ఆకు లేచిపోకుండా చాలా ఇళ్ల మీద పాత వల పరచి, తాళ్లతో బిగించి ఉంటారు. ఆ వలను కప్పంతా గీయడానికి పూనుకుంటే చిత్రం చెడుతుంది. వెలుగు పడే ఒక చోట నాలుగు వల కళ్లు గీసి వదిలేస్తే మిగతాది చూసేవారే ఊహించుకుంటారు. గుండ్రటి గోడ, శంకువులాంటి కప్పు, కిందికి దిగిన చూరు, ఈ మూడూ తుపాను గాలి అడ్డులేకుండా చుట్టూ జారిపోవడానికి ఏర్పడిన రూపమని గుర్తుంచుకుంటే ఎక్కడా పదునైన మూల గీయాలనిపించదు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో ఉన్న మా తాతగారి పెంకుటింటిని చిత్రిస్తున్నాను. పెచ్చులూడిన సున్నపు గోడ చిత్రంలో పాతదిగా కాక మురికిదిగా కనిపిస్తోంది.
(నెల్లూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: పాతదనం చూపాలని గోడంతా గోధుమరంగు మరకలు చల్లితే మురికే మిగులుతుంది. ఉప్పు పట్టిన గోడ పాడవడంలో ఒక క్రమముంది, దానిని చూసి వేస్తే మరకలతో పని ఉండదు. నేలలోని ఉప్పు తేమతోపాటు గోడలోకి ఎక్కుతుంది. తేమ ఆరే ఎత్తుకు చేరాక ఉప్పు పలుకులుగా గట్టిపడి, లోపలి నుంచి పూతను నెట్టివేస్తుంది. అందుకే పెచ్చులు ఎక్కువగా ఊడేది నేలను ఆనిన చోట కాదు, దానికి కొంత పైన, మోకాలికీ నడుముకూ మధ్యనున్న పట్టీలో. ఆ పట్టీకి దిగువన గోడ తేమతో ముదురుగా, చల్లగా ఉంటుంది; పట్టీలో ఇటుకల ఎరుపు, వాటి మీద తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తాయి; పైన పాత సున్నం ఇంకా గట్టిగానే ఉంటుంది. ఈ మూడు అంతస్తులను వేరువేరు రంగు పలుచనలతో పరిస్తే గోడ వయసు దానంతట అదే తెలుస్తుంది.

సున్నంలో నీలిమందు కలిపి వేసిన గోడ నీడలో ఎంత నీలంగా ఉంటుందో చాలామంది గమనించరు. తూర్పు ముఖపు ఇల్లయితే సాయంత్రం ముందు గోడంతా నీడలోనే ఉంటుంది, కాని ఎండలో ఉన్న ఇసుక మీది నుంచి పైకి కొట్టే వెచ్చని వెలుగు చూరు లోపలి భాగాన్ని, వసారా కప్పు అడుగును పసుపు పట్టిస్తుంది. పైన వెచ్చన, కింద చల్లన అన్నమాట. ఆ వెచ్చదనానికి సియెన్నా ఒక్క చుక్క చాలు. కప్పు విషయంలో మీ ఇంటిది నాటు పెంకో, మంగుళూరు పెంకో మీ ఉత్తరంలో రాయలేదు. నాటు పెంకుల వరుసలు వంకరటింకరగా, గుండ్రటి మెరకపల్లాలతో ఉంటాయి. 19వ శతాబ్దంలో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో ఆరంభించిన పెంకుల పరిశ్రమ నుంచి వ్యాపించిన రకమైతే వరుసలు నిటారుగా, పెంకులన్నీ ఒకే కొలతతో ఉంటాయి. ఒకదాని కప్పును మరొకదానిలాగా వేస్తే మీ తాతగారి ఊరివారు ఇట్టే పట్టుకుంటారు.

ప్రశ్న: ఇసకపల్లి ఉప్పు మడుల దగ్గరి తెల్లటి ఉప్పు కుప్పలకు తెల్లరంగు వాడవచ్చా? తడి రంగు మీద ఉప్పు చల్లితే మంచి చుక్కలు వస్తాయని విన్నాను, అది ఇక్కడ పనికివస్తుందా?
(అల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తెల్లరంగు అవసరం లేదు. కుప్ప తెల్లగా కనిపించడం దాని చుట్టూ ఉన్నవాటి మీద ఆధారపడుతుంది. వెనకనున్న ఆకాశాన్ని మీరు అనుకున్నదాని కన్నా ఒక మెట్టు ముదురుగా వేసి, కుప్ప ఎండ వైపును ఖాళీ కాగితంగా వదిలి, నీడ వైపున అల్ట్రామెరీన్‌ను బాగా పలచన చేసి పూయండి. మడుల గట్ల నల్లమట్టి, అందులోని నీటిలో పడ్డ ఆకాశం, తలకిందులైన కుప్ప నీడ, ఇవే అక్కడి అసలు చిత్రం. వానకు కరగకుండా కుప్పల మీద తాటాకు కప్పి ఉంటే తెలుపు ఇంకా బాగా ఎత్తి చూపబడుతుంది.

ఉప్పు చల్లే చిట్కా పొడి వాతావరణానికి తగినది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కనుక మన తీరంలో దానిని పూర్తిగా దులపకపోతే ఆ చోట కాగితం ఏడాది పొడవునా చెమ్మగిల్లుతూ ఉంటుంది. ఉప్పు మడుల చిత్రానికి ఉప్పు చల్లడం సరదాగా ఉంటుందన్న మాట నిజమే గాని, చిత్రం నాలుగు కాలాలు నిలవాలంటే మానడమే మేలు.

ప్రశ్న: ఒడ్డున కూర్చున్నప్పుడు రంగు ఒకరోజు ఎంతకూ ఆరదు, మరొకరోజు కుంచె ఎత్తేలోపే ఆరిపోతుంది. మంచినీళ్లు అయిపోతే సముద్రపు నీరు వాడవచ్చా?
(విడవలూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: సముద్రపు నీరు కూడదు; కారణం పై జవాబులోనే ఉంది. సముద్రం మీది నుంచి గాలి వీస్తే తేమ ఎక్కువై రంగు ఆరదు, అప్పుడు ఆకాశాన్ని తడి మీద తడిగా, అంటే ముందు పూత ఆరకముందే, వేయండి. వేసవిలో పడమటి వడగాలి వీస్తే వెంటనే ఆరుతుంది, అప్పుడు చిన్న కొలత కాగితం మీద గట్టి అంచుల పని, పొడి కుంచె పని చేసుకోండి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితం కొనగలిగితే ముడతల బాధ చాలావరకు తగ్గుతుంది. రంగుల పళ్లెంలో పడ్డ ఇసుకను తడిగా ఉన్నప్పుడు వేలితో తీయకండి, ఆరాక దానంతట అదే రాలుతుంది.

ప్రశ్న: పాకల ఊరి వైపు ఇప్పుడు తాటాకు ఇళ్లు పోయి సిమెంటు ఇళ్లు, తెప్పలు పోయి ఫైబర్ బోట్లు వచ్చాయి. చిత్రం అందంగా ఉండాలంటే వీటిని వదిలేసి పాత ఫొటోల ఆధారంగా పాత ఒడ్డునే వేయడం మంచిదా?
(సింగరాయకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పాత ఇంటిని వేయడంలో తప్పులేదు, పాత ఇంటిని నేటి ఒడ్డున నిలబెట్టడం మాత్రం సరికాదు. ఆ ఇళ్లు ఊరికే పోలేదు. 1977 నవంబరు 19 నాటి తుపాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ చూసిన తర్వాత పాలెంవారు గట్టి కప్పు కోరుకున్నారు, సిమెంటు కాలనీలు వచ్చాయి. వారికి నిబ్బరాన్నిచ్చిన ఇల్లు మన చిత్రానికి అందవికారం ఎందుకు కావాలి? ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ బూడాఁ (1824–1898) 1860ల్లో ట్రూవిల్ ఒడ్డున వేసినది ఆనాటి కొత్తదనాన్నే: సెలవులకు వచ్చిన పట్నవాసులను, వారి వెడల్పాటి గౌన్లను, గొడుగులను. ఇవాళ మనకు అవి పాత అందంగా కనిపిస్తున్నాయి గాని, అతను వాటిని కళ్లెదుట ఉన్నాయి కనుక వేశాడు.

ఇబ్బంది నిజానికి రంగుదే. బోట్ల మీది నీలం, నారింజ, పసుపు ఎంత గాఢమైనవంటే, వాటిని ఉన్నవున్నట్టు దించితే సముద్రం వెలవెలబోతుంది. అన్నిటికన్నా దగ్గరి బోటుకు మాత్రమే గాఢమైన రంగు ఇచ్చి, దూరపు వాటిలో ప్రతి రంగుకూ దానికి ఎదురు రంగును కొద్దిగా కలిపి, అంటే నీలానికి సియెన్నాను, నారింజకు నీలాన్ని కలిపి అణచండి. నీలం బోటు వెనక సముద్రం వస్తే బోటు కనిపించదు. మీరు నాలుగడుగులు పక్కకు జరిగి దాని వెనకకు ఇసుకనో సరుగుడు తోటనో తెచ్చుకోండి. సిమెంటు ఇంటి పక్కన ఇప్పటికీ ఒక తాటాకు పంచ, వలలు ఆరవేసిన దండెం, తిరగేసిన పాత తెప్ప దుంగలు దొరుకుతూనే ఉంటాయి. ఆ రెండు కాలాలూ ఒకే చిత్రంలో ఉండనివ్వండి.

పాత ఫొటో నుంచే వేయదలిస్తే, దాన్ని ఊళ్లో పెద్దవారికి ముందుగా చూపించి ఇల్లు ఏ దిక్కుకు చూసేదో, అప్పటికి ఒడ్డు ఎంత దూరంలో ఉండేదో అడిగి రాసుకోండి. తీరం కొన్నిచోట్ల లోపలికి, కొన్నిచోట్ల బయటికి జరుగుతూ ఉంటుంది కనుక మీరు ఇప్పుడు నిలబడే చోటు అప్పట్లో ఇసుక దిబ్బో, వీధో అయి ఉండవచ్చు. ఫోను కెమెరా దగ్గరి ఇంటిని పెద్దది చేసి వెనకనున్నవాటిని కుదించి చూపుతుందన్నది కూడా మరచిపోకండి. గోడ ఎత్తులో సముద్రపు గీత ఎక్కడ వస్తుందో ఫొటో నుంచి తీసుకోకుండా, ఒకసారి అక్కడికి వెళ్లి కంటితో సరిచూసుకుని, ఆ గీతను పెన్సిలుతో దిద్దిన తర్వాతే రంగు మొదలుపెట్టండి.